ఆట కొన్నవారికి దక్కేదేమిటి?

2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక పన్ను వివాదంలో తీర్పు చెప్పింది. అందులో ఒక పక్షం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, రెండో పక్షం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ముందుగా తయారుచేసి, డిస్కులోకి ఎక్కించి అమ్మే సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్రం అమ్మకం పన్ను వేయవచ్చునా అన్నది ప్రశ్న. సాఫ్ట్‌వేర్ మేధోసంపద, చేతికి అందే సరుకు కాదని సంస్థ వాదించింది. అయిదుగురు న్యాయమూర్తులు ఆ వాదనను అంగీకరించలేదు. పుస్తకంలోని రచన వలె, క్యాసెట్‌లోని పాట వలె సాఫ్ట్‌వేర్ కూడా ఒక మాధ్యమంలోకి ఎక్కి ప్రతులుగా అంగడికి వచ్చిన తరువాత సరుకే అవుతుందని తేల్చారు. కొనడానికీ అమ్మడానికీ, చేతులు మార్చడానికీ, నిల్వ చేయడానికీ, స్వాధీనంలో ఉంచుకోవడానికీ వీలైనది సరుకు అన్నది ఆ తీర్పు వాడిన గీటురాయి.

సరిగ్గా పదకొండు రోజుల తరువాత, నవంబరు 16న, అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ ‘హాఫ్-లైఫ్ 2’ అనే కంప్యూటర్ ఆటను విడుదల చేసింది. దుకాణంలో పెట్టె కొని, డిస్కు ఇంటికి తెచ్చుకున్నవారు కూడా ఇంటర్నెట్‌లో ఆ సంస్థ నడిపే ‘స్టీమ్’లో ఖాతా తెరిచి అనుమతి పొందితే తప్ప ఆట మొదలుకాదు. డిస్కు కొనుగోలుదారు చేతిలో ఉంది, తాళంచెవి అమ్మినవారి దగ్గరే ఉండిపోయింది. భారత న్యాయస్థానం సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా గుర్తించిన నెలలోనే, ఆ సరుకుతనాన్ని హరించే పద్ధతి విపణిలో అడుగుపెట్టింది. ఆ తరువాతి రెండు దశాబ్దాల కథంతా ఈ రెండు తేదీల మధ్య పెనుగులాటే.

అప్పటి భారతీయ విపణి స్థితి వేరు. కంప్యూటర్ ప్రోగ్రాములకు 1984 సవరణ ద్వారా కాపీరైట్ చట్టంలో రక్షణ లభించింది. దొంగప్రతిని తెలిసి వాడినవారికి కనీసం ఏడు రోజుల జైలు, 50,000 రూపాయల జరిమానా అని 1994 సవరణ నిర్దేశించింది. చట్టం ఎంత కఠినమో ఆచరణ అంత వదులు. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, పాలికా బజార్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కంప్యూటర్ విడిభాగాల పక్కనే ఆటల సీడీలు పెరిగాయి. అసలు పెట్టె ధర మధ్యతరగతి ఇంటి నెలసరి లెక్కలో ఇమిడేది కాదు. నెహ్రూ ప్లేస్ పేరు అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాత విపణుల జాబితాకు కూడా ఎక్కింది. ఇదంతా నైతిక పతనమని కొందరన్నారు. కానీ అందుబాటు ధరలో చట్టబద్ధమైన దుకాణమే లేనిచోట నీతిబోధ ఎవరి చెవికెక్కుతుంది?

2003 సెప్టెంబరు 12న మొదలైనప్పుడు స్టీమ్ దుకాణం కాదు. కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలకు సవరణలు పంపడానికీ, మోసాలను అరికట్టడానికీ ఏర్పడిన సాధనం. ఇతర సంస్థల ఆటలను అమ్మడం 2005లో ఆరంభించింది. ఆ దుకాణం భారతీయుడికి అందాలంటే రెండు గడపలు దాటాలి. ఒకటి తీగ, రెండోది రూపాయి.

తీగ సంగతి చూస్తే, 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. ఆ వేగం నిరాటంకంగా అందినా 4.7 గిగాబైట్ల డీవీడీ దిగుమతికి దాదాపు 41 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోకూడదు, నెలవారీ డేటా పరిమితి దాటకూడదు. అందువల్లనే ఆ దశాబ్దంలో ఆట అంటే ఇంటర్నెట్ కేంద్రమో, చేతులు మారే డిస్కో తప్ప దిగుమతి కాదు.

రూపాయి గడప ఇంకా ఎత్తైనది. ధరలు డాలర్లలో ఉండేవి. అంతర్జాతీయ చెల్లింపులకు పనికివచ్చే కార్డు ఇంటికొకటి కూడా ఉండేది కాదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో అంచె ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. దేశంలోపలి కొనుగోళ్లను విదేశీ బ్యాంకుల గుండా నడిపి ఆ నిబంధనను దాటవేయడం కుదరదని 2014 ఆగస్టులో స్పష్టం చేసింది. 2015 నవంబరులో స్టీమ్ ధరలను రూపాయల్లో చూపడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది యూపీఐ వచ్చింది. ప్రాంతీయ ధర అనే పద్ధతి ఈ దశలోనే ఇక్కడ వేళ్లూనింది. అమెరికాలో ఒక ధర, భారత్‌లో అంతకన్నా తక్కువ ధర, ఇక్కడి చవక ధరకు అక్కడివారు కొనకుండా కట్టడి. సీడీ విక్రేతను పోలీసు దాడులు సాధించలేనంతగా అదుపు చేసింది చవక ధరా, సులువైన చెల్లింపూ, పండుగ రాయితీలూనే.

ఈ మేలును తక్కువ చేయకూడదు. 2015 జూన్‌లో స్టీమ్ ప్రపంచమంతటా వాపసు పద్ధతి ప్రకటించింది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడివుంటే డబ్బు తిరిగి ఇస్తుంది. నెహ్రూ ప్లేస్ సీడీకి ఆ హామీ ఎన్నడూ లేదు. పంపిణీదారుల చుట్టూ తిరిగే పని లేకుండా భారతీయ రూపకర్తలు ప్రపంచానికి అమ్ముకునే దారి కూడా తెరుచుకుంది. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను, పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో ‘రాజీ’ని ఆ దారిలోనే పాఠకులెరుగని దేశాల ఆటగాళ్ల ముందుంచాయి. దుకాణం మామూలుగా తీసుకునే వాటా 30 శాతం. 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ దుకాణం 12 శాతమే చాలునని పోటీకి దిగింది.

అయితే ఆ తలుపు ఎవరికి తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించేది ఎవరు? పొరుగుదేశాల అనుభవం దీనికి జవాబు చెబుతుంది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకలకు స్టీమ్‌లో నేటికీ సొంత నాణెపు ధర లేదు, డాలర్లలోనే చెల్లించాలి. 2024 ఫిబ్రవరిలో సోనీ విడుదల చేసిన ‘హెల్‌డైవర్స్ 2’ను ఆ దేశాలవారు కూడా కంప్యూటర్ల మీద కొన్నారు. మే నెలలో ఆ సంస్థ తన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాను అందరికీ తప్పనిసరి చేయబోతున్నట్టు ప్రకటించింది. ఆ ఖాతా సేవ భారత్‌లో ఉంది, పై నాలుగు దేశాల్లోనూ లేదు. ఆటగాళ్ల ఆగ్రహానికి రోజుల వ్యవధిలోనే సంస్థ వెనక్కి తగ్గింది. ఈలోపే 170కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో ఆ ఆట అమ్మకం ఆగిపోయింది. ఏ పార్లమెంటూ చట్టం చేయలేదు, ఏ కోర్టూ ఉత్తర్వివ్వలేదు. ఒక సంస్థ పట్టికలో దేశం పేరు లేకపోవడమే కారణమయింది.

పన్ను విషయానికి వస్తే రాజ్యం ఏనాడూ తడబడలేదు. విదేశీ సంస్థలు భారతీయ వినియోగదారులకు ఇంటర్నెట్ ద్వారా అమ్మే సేవలపై 2016 డిసెంబరు 1 నుంచి సేవాపన్ను వేసింది. 2017 జులైలో అది 18 శాతం జీఎస్టీగా మారింది. ఆ పన్నుకు లోబడే సేవల జాబితాలో ఇంటర్నెట్ ద్వారా అందే సాఫ్ట్‌వేర్‌నూ, ఆన్‌లైన్ ఆటలనూ పేరుపెట్టి మరీ చేర్చింది. అంటే 2004లో సరుకైనది 2017 నాటికి సేవ అయింది. 2020లో విదేశీ ఈ-కామర్స్ సంస్థలపై 2 శాతం సమీకరణ లెవీ వచ్చింది. అది వివక్ష అని 2021 జనవరిలో అమెరికా తేల్చి, సుంకాలతో బెదిరించింది. ఆ లెవీని 2024 ఆగస్టు 1 నుంచి ఢిల్లీ ఎత్తివేసింది. ఈ మధ్యలో, 2021 మార్చి 2న, ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు ఆదాయపు పన్ను కోణం నుంచి మరో మాట చెప్పింది. విదేశీ సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రతికి చెల్లించే సొమ్ము రాయల్టీ కాదు, సరుకు ధర వంటిదేనంది. ఒక్క లావాదేవీకి ఖజానా ముందు ఇన్ని రూపాలు! ప్రతి రూపం వెనుకా వాదోపవాదాలున్నాయి, న్యాయవాదులున్నారు, తీర్పులున్నాయి.

కొనుగోలుదారు హక్కుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ కనబడదు. స్టీమ్ చందాదారు ఒప్పందం ఆటలను అమ్మడం లేదనీ, వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నదనీ చెబుతుంది. ఖాతాను మరొకరికి అమ్మకూడదు, బదిలీ చేయకూడదు. తండ్రి దాచుకున్న పుస్తకాల బీరువా కొడుకుకు వస్తుంది, తండ్రి కొన్న వందల ఆటల ఖాతా రాదు. 2024 సెప్టెంబరులో సవరించిన ఒప్పందం వివాదాలను వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ కోర్టులకు అప్పగించింది. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే వ్యాజ్యం వేయవచ్చునంటుంది. రెండు కాగితాల మధ్య ఏడు సముద్రాలున్నాయి.

ఈ సమస్య ఊహాజనితం కాదు. యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేసింది. ఒంటరిగా ఆడుకునే భాగానికి కూడా సర్వరే ఆధారం కావడంతో డబ్బిచ్చి కొన్నవారందరికీ ఆట పూర్తిగా పోయింది. డిస్కు ఉన్నవారికి డిస్కు మిగిలింది, ఆట మిగలలేదు. దాని నుంచే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. ఐరోపా పౌరుల వినతిపత్రంపై సంతకాలు 2025 జులైలో 10 లక్షలు దాటాయి.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను ముఖాముఖి ఎదుర్కొన్నాయి. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా నిర్వచించింది. ఆ బలంతోనే అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ వాల్వ్‌పై దావా వేసింది. వాపసు హక్కు లేదని కొనుగోలుదారులను తప్పుదారి పట్టించినందుకు 2016 డిసెంబరులో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. కొన్న ఆటను తిరిగి అమ్ముకోవచ్చునని 2019లో పారిస్ న్యాయస్థానం ఒకటి చెప్పగా, 2022లో పైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది. ఇచ్చేది అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడరాదని దాని సారాంశం. ఆ చట్టం అమలుకు ముందే, అక్టోబరులో, స్టీమ్ చెల్లింపు పుటలో ఆ హెచ్చరిక ప్రత్యక్షమైంది. ఒక్క రాష్ట్రపు శాసనసభ ఒక సంస్థ చేత నిజం పలికించగలిగింది.

సాంకేతికంగా ఇది సాధ్యం కాదన్న వాదన కూడా నిలవదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రొజెక్ట్ సంస్థ 2008లో తెరిచిన జీఓజీ దుకాణం ఆటలను తాళం లేకుండా ఇస్తుంది. కొన్నవారు ఆ ఫైలును దాచుకుంటే దుకాణం మూతపడినా ఒంటరి ఆట నడుస్తుంది. దొంగ సీడీలు ఏలిన విపణిలోనే ఎదిగిన సంస్థ అది. దొంగప్రతిని ఎదుర్కోవడానికి కొనుగోలుదారును బంధించడమొక్కటే మార్గం కాదని నిరూపించింది.

భారత చట్టంలో బీజం లేకపోలేదు. 2019 వినియోగదారుల చట్టం ఈ-కామర్స్ నిర్వచనంలో ‘డిజిటల్ ఉత్పత్తులు’ అన్న మాట చేర్చింది. 2020 నిబంధనలు దేశంలోని వినియోగదారులకు క్రమంగా అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. ఫిర్యాదును 48 గంటల్లో స్వీకరించినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అన్యాయపు ఒప్పంద షరతులను ప్రశ్నించే అవకాశం కూడా ఉంది. కానీ డిజిటల్ ఉత్పత్తి కొన్నవారికి దానిపై ఎంతకాలం హక్కు, అమ్మినవారు తలుపు మూస్తే గతేమిటి అన్నవాటికి జవాబు లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెం ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. ధర చెల్లించి మామూలు ఆట కొన్న పౌరుడు ఆ చట్టంలో యజమానిగా ఎక్కడా కనిపించడు.

ఆటలతో ఆగే విషయం కాదిది. పుస్తకం, సినిమా, పాట, రేపు ట్రాక్టరు నడిపే సాఫ్ట్‌వేర్ కూడా ఇదే ఒప్పందపు భాషలో ఇంటికి వస్తాయి. కావలసినవి పెద్ద కోరికలు కావు. ఇచ్చేది అనుమతే అయితే అమ్మకం మాట వాడకూడదు. సర్వర్లు ఆపే ముందు గడువు చెప్పాలి, వీలైనచోట ఆటను స్వతంత్రంగా నడిచేలా విడిచిపెట్టాలి. ఖాతాదారు మరణిస్తే వారసులకు చెందాలి.

2004 తీర్పు గీటురాయి మీద నేటి డిజిటల్ ఆటను గీసి చూస్తే తిరిగి అమ్మడానికి వీల్లేదు, చేతులు మార్చడానికి వీల్లేదు, స్వాధీనం అన్నమాటకు అర్థమే లేదు. పన్ను రశీదు మాత్రం నిక్కచ్చిగా ఉంది. సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న ప్రశ్నను ఒకనాడు ఆంధ్రప్రదేశ్ పన్నుల అధికారులు తమ వాటా కోసం అడిగి, సుప్రీంకోర్టు దాకా పోరాడి జవాబు రాబట్టారు. అదే ప్రశ్నను ఈసారి అడగవలసినవారు డబ్బు చెల్లించినవారు.