కొండవీటి కోట – మోటుపల్లి రేవు

"కొండవీటి చేంతాడంత" అను మాట మన ఇండ్లలో నిత్యము వినబడునదే. జాబితా పొడవైనను, కథ సాగినను, ఆ చేంతాడే జ్ఞప్తికి వచ్చును. కొండమీది లోతైన నూతినుండి నీరు తోడుటకు అంత పొడవైన త్రాడు కావలసి యుండెనని పెద్దలు చెప్పుదురు. ఆ త్రాటి పేరు ఎరుగనివారు మనలో లేరు. ఆ కొండను ఎక్కి చూచినవారు మాత్రము కొలదిమందియే. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు కోరినందున, నేను కన్నులార చూచినదానినే వ్రాయుట మేలని తలచితిని.

కొండవీడు ఇప్పటి పల్నాడు జిల్లాలో యడ్లపాడు మండలమున ఉన్నది. గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు బాటకు పడమటి వైపున ఆ కొండలవరుస కనబడును. ఇప్పుడు పైవరకు బండ్లు పోవు ఘాట్ రోడ్డు వేసినారు. నేను మాత్రము కొంతదూరము కాలినడకనే ఎక్కితిని. శిథిలమైన ప్రాకారములు, సగము కూలిన బురుజులు, పైకప్పు లేని మండపములు ముళ్లపొదల నడుమ నిలిచి యున్నవి. కోటకు కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అను ద్వారములు గలవు. అన్నిటికంటె నన్ను ఆకర్షించినవి కొండమీది చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అను మూడింటిని, కొండ వాలును అనుసరించి, వాననీరు వృథా కాకుండునట్లు ఏర్పరచినారు. శత్రువు క్రింద ముట్టడి వేసినను పైనున్నవారు దప్పికకు చావకుండుటకే ఈ యేర్పాటు.

కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట, తూర్పు సీమలో తలయెత్తిన వారిలో ప్రోలయ వేమారెడ్డి ముఖ్యుడు. అద్దంకి అతని రాజధాని. శ్రీశైల, అహోబిలములకు సోపానములు కట్టించిన పుణ్యుడు; ఎఱ్ఱాప్రెగడను ఆదరించిన రసజ్ఞుడు. అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకినుండి కొండవీటికి మార్చెను. అటుపిమ్మట అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు, రాచవేముడు వరుసగా ఏలిరి. కొండవీటి రెడ్ల పాలన నూరేండ్లు దాటలేదు. ఆ కొలది కాలములోనే మన వాఙ్మయమునకు ఎఱ్ఱన, శ్రీనాథుల పోషణ లభించినది.

ప్రాకారముపై కూర్చుండి సేదదీరునప్పుడు నాకొక సందేహము తోచినది. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవానికి ఏ వైభవమును చూచినను దాని జమ ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నయే ముందు పుట్టును. ఈ కొండమీద ఉన్నవి రాళ్లు, చెట్లు, వాననీరు. ఇన్ని గోడలు కట్టుటకును, సేనలను పోషించుటకును, కవులకు కనకాభిషేకములు చేయుటకును ధనము ఎక్కడిది? క్రింది మాగాణుల, మెట్టల శిస్తు కొంత కావచ్చును. మిగిలిన సమాధానము దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రపుటొడ్డున ఉన్నది. దాని పేరు మోటుపల్లి.

కొండ దిగిన కొన్నాళ్లకు అచ్చటికిని పోయితిని. ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాము దాపున అది ఒక చిన్న పల్లె. ఓడలు లేవు, రేవు లేదు. ఒకప్పుడు దేశియుయ్యకొండ పట్టణమని పేరొందిన స్థల మిదియేనా యని ఆశ్చర్యము కలుగును. 13వ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవు పేరిటనే మన దేశమును ముత్ఫిలి అని వర్ణించి, దానినేలిన రాణిని ప్రశంసించెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారుల నిర్ణయము.

అచ్చటి వీరభద్రస్వామి ఆలయమున, ఆమె తండ్రి గణపతిదేవుడు శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244లో వేయించిన అభయ శాసనము స్తంభముపై గలదు. పాత లిపి నాకు సులువుగా చదువరాదు. అచ్చుపడిన పాఠము సాయముతో గ్రహించిన తాత్పర్య మిది: దేశాంతరములకు పోవుచు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మున్నగు సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారికి ధనమే ప్రాణమని యెంచి, తాము దయతో నిర్ణయింపబడిన సుంకము తప్ప తక్కిన దంతయు విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకము ముప్పదింట ఒక పాలు.

ఆ స్తంభము ముందు నేను చాలసేపు నిలిచితిని. తుపానుకు ఓడ పోయిన వర్తకునికిని, తుపానుకు పైరు పోయిన రైతునకును భేద మేమున్నది? చేను నీట మునిగిన యేట బకాయి అడుగుటకు నేనును కొన్ని గుమ్మములలో నిలిచినవాడనే. ఇంటివారు కూర్చుండుమని పీట వేసిరి గాని నాకు కూర్చుండుటకు మనసొప్పలేదు. పడినవానిని ఇంకను పడద్రోయక, అడుగవలసినంతయే అడుగుట యెంత గొప్ప రాజధర్మమో ఆ రాతి యెదుట నాకు బాగుగా తెలిసినది.

కాకతీయులు పోయిన తరువాత ఈ రేవు రెడ్ల చేతికి వచ్చినది. అనవోతారెడ్డి 1358లో మరల అట్టి ధర్మశాసనమునే ఇచ్చటనే వేయించెను. వచ్చిన వర్తకులను గౌరవింతుమనియు, వారు తమకిష్టమైనప్పుడు పోవచ్చుననియు, సంతానము లేక మరణించినవాని ధనమును రాజు గైకొను అపుత్రిక దండమును విడిచితిమనియు దాని సారాంశము. సుంకము తగ్గించిన కొలది ఓడలు పెరిగినవి. ఓడలు పెరిగిన కొలది బొక్కసము నిండినది. కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలను బిరుదము వచ్చుటకు కారణమైన వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. సింహళమునుండి ఏనుగులు, హురుముంజినుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టుబట్టలు తెప్పించినది ఆ వర్తక కుటుంబమే. శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చినది ఆ తిప్పయసెట్టికే.

ఇది జమ. ఇక ఖర్చు వైపు చూతము. కడపటి రాజైన రాచవేముడు ప్రసవించిన స్త్రీల ఇండ్లనుండి పురిటి సుంకము వసూలు చేయించెననియు, దానిని సహింపక సవరము ఎల్లయ యనువాడు అతనిని పొడిచి చంపెననియు స్థానిక గాథ. రాజ్యము పోవుటకు ఇదియొక్కటే హేతువని చెప్పుట న్యాయము కాదు. రాజమహేంద్రవరపు రెడ్లతోడి జ్ఞాతివైరము, వెలమ ప్రభువులతో యుద్ధములు, విజయనగరపు ఒత్తిడి, ఇవన్నియు కలిసి 1424 ప్రాంతమున కొండవీటి రెడ్ల రాజ్యమును అంతమొందించినవి. అయినను ప్రజలు జ్ఞప్తియందుంచుకొన్నది యుద్ధములను గాదు, పురిటి సుంకమును. ఓడ పగిలిన పరదేశికి అభయమిచ్చిన గద్దె, బాలెంత గుమ్మము ముందు చేయి చాచెనన్న మాటను వారు మరువలేదు.

పెదకోమటి వేముని ఆస్థానమున విద్యాధికారియైన శ్రీనాథుడు, రెడ్డి రాజ్యములు అంతరించిన పిమ్మట, కృష్ణాతీరమున బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసికొని, ఏరు పొంగి పైరు పోగా, ఏడువందల టంకముల బకాయికై నగరి వాకిట దండనకు గురియయ్యెనని అతని పేరిటి చాటువుల వలన తెలియుచున్నది. అప్పటి అధికారులు మోటుపల్లి స్తంభమును చదివియుండరు కాబోలు.

తరువాత కొండవీడు గజపతుల వశమైనది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించెను. పిమ్మట గోలకొండ సుల్తానులు ఏలిరి. 1788లో గుంటూరు సర్కారుతోపాటు ఇంగ్లీషు కంపెనీ పరమైనది. చేయి మారినప్పుడెల్ల గోడలో ఒక వరుస సడలినది. మోటుపల్లి స్తంభముపై అక్షరము మాత్రము నేటికిని చదువ వీలుగా నున్నది.

పూర్వము మన గ్రామ కరణములు కవిలెలలో ఊరి చరిత్ర వ్రాసి యుంచిరి. 19వ శతాబ్ది ఆరంభమున కావలి బొర్రయ్య సోదరుల సాయముతో కర్నలు మెకంజీ అట్టివానిని సేకరింపకున్నచో, ఎన్నో ఊళ్ల కథలు చెదలపాలై యుండెడివి. ఇప్పటికిని మన ఇండ్ల అటకలమీద తాటాకు కట్టలో, పాత దస్తరములో మిగిలియుండవచ్చును. చదువరులు వానిని పొయ్యిలో పెట్టక, గ్రంథాలయమునకు తెచ్చి యిచ్చినచో, తీరిక వేళల కూర్చుండి నకలు వ్రాసియిచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను. చూపు బాగున్నంతవరకు ఆ పని నాది.