సిద్దిపేట అడవి - ఢిల్లీ అనుమతి

సిద్దిపేట, గజ్వేలు, హుస్నాబాదు ప్రాంతములలో సర్కారు పటములపై "అడవి" అని గుర్తించిన భూములందు మహావృక్షములను వెదకుట వృథా. అది మెట్టనేల, వర్షము కొద్ది. మోదుగ, తునికి, బిల్లుడు, సీతాఫలము, అక్కడక్కడ నల్లమద్ది - ఇవియే అచ్చటి చెట్లు. అనేకచోట్ల అవి నిలువెత్తు పెరుగకముందే గొడ్డలి పాలైనవి. అయినను ఆ పొదలలో ఒక ఎకరము నేలను రోడ్డునకో, కాలువకో వాడవలెనన్నచో రాష్ట్ర ప్రభుత్వమునకు సైతము సొంత అధికారము చాలదు, కేంద్రము అనుమతింపవలెను. ఈ కట్టుబాటు ఒక్కనాడు వచ్చినది కాదు.

నిజాము రాజ్యమున అటవీశాఖ 1857లో ఏర్పడినది. విలువగల కలపజాతులను కాపాడుట దాని తొలి ఉద్దేశము. క్రమముగా చెట్టునుండి దృష్టి నేలపైకి మరలినది. హద్దులు నిర్ణయించి భూములను రక్షితారణ్యములుగా ప్రకటించుట ఆరంభమైనది. ఆ పద్ధతిని క్రోడీకరించినది ఫసలీ 1355 నాటి హైదరాబాదు అటవీ చట్టము. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తు శకము వచ్చును గనుక ఇది 1945 నాటిది. పాత రెవిన్యూ కాగితములు చదువువారికి ఈ లెక్క నేటికిని పనికివచ్చును.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలంగాణమున ఈ చట్టము, ఆంధ్రప్రాంతమున 1882 నాటి మద్రాసు చట్టము కొంతకాలము పక్కపక్కనే నడచినవి. రెంటిని తొలగించి 1967లో ఒకే అటవీ చట్టము చేసిరి. దాని ప్రకారము ఒక భూమిని రక్షితారణ్యము చేయవలెనన్న ముందు ప్రకటన వెలువడవలెను. పిదప ఒక అధికారి ఆ భూమిపై మేత, బాట, నీరు మొదలగు హక్కులు ఎవరికి గలవో విచారింపవలెను. ఆ తరువాతనే తుది ప్రకటన. గడువులోపల చెప్పుకొనని హక్కు సామాన్యముగా రద్దగును. కాగితముపై ఇది న్యాయమైన పద్ధతియే. కాని మందవెంట తిరుగు గొల్లవానికి గెజెట్టు ప్రకటన ఏమి తెలియును? తరతరములుగా మేపిన గుట్ట ఒకనాటికి తనది కాదని పలువురు పశువులను బందెలదొడ్డిలో చూచిన పిమ్మటనే గ్రహించి యుందురు.

వన్యమృగముల సంగతి కొంచెము వేరు. సిద్దిపేటకు పడమట, మెదకు దాటిన పిదప, పోచారము అడవి కలదు. అది నిజాము వేటభూమి. 1952లో దానిని అభయారణ్యము చేసిరి. వేటకై కాపాడిన అడవియే వేట నిషేధింపబడిన అడవి యగుట చరిత్రలో చిత్రమే గాని, అరుదు కాదు. నాటికి అడవులు, మృగములు రాష్ట్రముల పరిధిలోని విషయములు. అందుచేతనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును పార్లమెంటు తనంతట తాను చేయలేకపోయినది. కొన్ని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరగా చేసినది. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇచ్చట అమెరికాతో పోల్చి చూచుట మంచిది. ఆ దేశమున నాలుగవవంతునకు మించిన భూమి జాతీయ ప్రభుత్వపు సొత్తు. దానిపై యాజమాన్యము, పాలన రెండును ఆ ప్రభుత్వమువే. మన దేశమున అడవి భూములు ప్రధానముగా రాష్ట్రములవి. కేంద్రమునకు ఉన్నది యాజమాన్యము కాదు, అడ్డుచెప్పగల అధికారము. అదియైనను ఆలస్యముగా వచ్చినది. 1951 నుండి 1980 వరకు దేశమున సుమారు 43 లక్షల హెక్టార్ల అడవి వ్యవసాయమునకు, ప్రాజెక్టులకు, ఇతర పనులకు మళ్లినది. 1976 నాటి నలువది రెండవ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాలోనికి తెచ్చినది. 1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టము కేంద్రానుమతి లేనిదే అడవిని మరియొక పనికి వాడరాదని శాసించినది. దానిని 2023లో సవరించి పేరు సైతము మార్చిరి. కేంద్రానుమతి అను మూలసూత్రము మాత్రము నిలిచియున్నది. అడవి అన పేరెవరిదైనను, రికార్డులో అడవియని యున్నచో అది అడవియేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న తేల్చినది. చెట్టులేని గుట్టకు ఢిల్లీ అనుమతి కావలసివచ్చుట ఇందువలననే.

ఈ చట్టము బలమెంతయో 2017లో సిద్దిపేటవారికి తెలిసివచ్చినది. కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునకు పలు అటవీ డివిజన్లలో, సిద్దిపేటతో కలిపి, సుమారు 3,168 హెక్టార్ల అడవి కావలసివచ్చినది. అనుమతులు పూర్తికాకయే పనులు సాగుచున్నవని ఆ అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు వానిని నిలుపుమన్నది. నవంబరులో హైకోర్టు ఆ అడ్డు తొలగించినది. అడవికి తుది అనుమతియు ఆ నెలలోనే వచ్చినది. ఏండ్ల తరబడి బోర్లు ఎండిన సీమకు నీరు అక్కర లేదని ఎవరనగలరు? 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరమును 2022లో ప్రారంభించిరి. దానికై ఖాళీయైన ఊళ్ల కథ వేరే చెప్పవలసినది.

పోయిన అడవికి బదులు మరియొకచోట మొక్కలు పెంచవలెనని నిబంధన కలదు. హెక్టారుకు హెక్టారు లెక్క సరిపోవును. కాని మోదుగ, తునికి వంటి చెట్ల బలము కనబడు కొమ్మలలో లేదు, కనబడని వేరులో ఉన్నది. పలుమార్లు నరికినను వేరునుండి పిలకలు లేచును. గజ్వేలు సమీపమున సింగాయపల్లి అడవిలో చేసినది ముఖ్యముగా ఇదియే: చుట్టును కందకము త్రవ్వి, పశువులను, గొడ్డలిని ఆపి, పాతవేళ్లనుండి లేచిన పిలకలను సాకిరి, ఖాళీలలో మాత్రము క్రొత్త మొక్కలు నాటిరి. ఆ అడవి తిరిగి పైకి వచ్చినది. త్రవ్వి తీసిన నేలలో వేరు మిగులదు. బదులు భూమిలో నాటిన మొక్క ఆ వేరును మొదటినుండి పోసికొనవలెను.

బదులుగా ఇచ్చిన భూమిని సైతము చట్టప్రకారము అడవిగా ప్రకటింపవలెను. అనగా అచ్చటను ముందు ప్రకటన వెలువడును. మేత, బాట, నీరు ఎవరివని అధికారి విచారించును. ఆ ఊరి గొల్లవానికిని గడువు మొదలగును.