హలబ్ గుర్రం, ఇంగ్లీషు వంశావళి
నేటి థరోబ్రెడ్ పందెపు గుర్రాలలో అత్యధికం పితృవంశం ఒకే అరబ్బు గుర్రం వద్దకు చేరుతుంది. ఉస్మానియా ఏలుబడిలోని హలబ్ (అలెప్పో) నగరంలో థామస్ డార్లీ దానిని కొని 1704లో ఇంగ్లండుకు పంపాడు.

ఎడారి అరబ్బులు గుర్రాల వంశాలను తల్లి వైపునుండి లెక్కించి, నోటిమాటగా కాపాడుకున్నారు. ఆంగ్లేయులు 1791లో వంశావళిని గ్రంథస్థం చేశారు. పూర్వీకులందరూ ఆ గ్రంథంలోనే ఉండాలని 1913లో నిబంధన విధించారు. అమెరికా గుర్రాలనేకం బయటపడ్డాయి. 1949లో నిబంధన సడలింది.

టర్కీ 1927లో అంకారాలో గాజీ పందెం ప్రారంభించింది. అది మూడేళ్ల థరోబ్రెడ్‌ల పందెం. ఒకప్పుడు హలబ్‌ను ఏలినవారి వారసులకు తమ గుర్రం మేలుజాతిదని నిరూపించుటకు ఆంగ్లేయుల లెక్కే ఆధారమైంది. అరబ్బు గుర్రాలకు అక్కడ నేటికీ వేరు పందేలే.

ఇస్నాదు విలువ తెలిసినవారికి ఇందులోని పాఠం కొత్త కాదు: పరంపరను వ్రాసి భద్రపరచినవారి మాటే ప్రమాణమైంది.