ఫ్రాన్సు ప్రాచీన చర్చిల తొలి ఛాయాచిత్రములు: వాని ప్రామాణ్యము

ప్రాచీన కావ్యమును పరిష్కరించు విద్వాంసుడు తన ముద్రితప్రతికి ఆధారమైన తాళపత్రప్రతిని భద్రపఱచుట విధి. దిద్దిన పాఠము మాత్రమే మిగిలి మూలము నశించినచో, కవిప్రయోగ మేదియో పరిష్కర్త కల్పన యేదియో నిర్ణయించుట దుష్కరము. కట్టడముల జీర్ణోద్ధరణమునను ఇట్టి చిక్కే కలదు. ఈ దృష్టితో 1851లో ఫ్రాన్సున జరిగిన ఛాయాచిత్ర సేకరణమును పరిశీలింతము.

1837లో ఏర్పడిన చారిత్రక కట్టడముల కమిషనులో ప్రోస్పెర్ మెరిమే ప్రముఖుడు. ఏ కట్టడము ఏ స్థితిలో నున్నదో, దేనికి మరమ్మతు అవసరమో తెలిసికొనుటకై ఈ కమిషను 1851లో ఐదుగురు ఛాయాగ్రాహకులను దేశమందలి వేర్వేరు ప్రాంతములకు నియోగించెను. బాల్దూస్, బయార్, లె గ్రే, లె సెక్, మెస్త్రాల్ అనువారు వీరు. బయార్ గాజుపలకలను వాడగా, తక్కినవారు కాగితపు నెగటివులను వాడిరి. కాగితమునకు ముందుగా మైనము పట్టించు లె గ్రే పద్ధతి ప్రయాణమున కెంతయు అనుకూలము. కాగితమును కొన్ని దినములు ముందే సిద్ధపఱచుకొని, చిత్రము తీసిన పిదప తీరికగా కడుగుకొనవచ్చును.

ఈ చిత్రముల విలువ రెండు ఉదాహరణములచే స్పష్టమగును. లె గ్రే, మెస్త్రాల్ కార్కాసోన్ కోటను చిత్రించిన రెండేండ్లకు, అనగా 1853లో, వియొలే ల ద్యుక్ ఆ ప్రాకారముల పునరుద్ధరణమును ఆరంభించెను. ఆయన బురుజులపై నిలిపిన నిటారైన పలకరాతి కప్పులు ఆ ప్రాంతపు రీతికి చెందినవి కావని పిమ్మట విమర్శలు వెలువడెను. ఆ వివాదమున 1851 నాటి చిత్రము మూలప్రతివంటిది. ఇక లె సెక్ చిత్రించిన రీమ్స్ కథీడ్రలు 1914 సెప్టెంబరులో ఫిరంగి దాడికి గురియై మంటలలో చిక్కుకొనెను. పెక్కు శిల్పములు పగిలిపోయెను. అచ్చట చిత్రము నష్టమైన పాఠమునకు సాక్షి.

అయినను ఛాయాచిత్రము అపౌరుషేయము కాదు. ఆర్ల్ పట్టణమందలి సెయింట్ ట్రోఫీమ్ చర్చి మంటపమున చీకటియు, ప్రాంగణమున వెలుతురును ఒకే నెగటివులో చక్కగా ఇముడవు. అందుచే బాల్దూస్ అనేక నెగటివులను కత్తిరించి, అతికి, అతుకులను కుంచెతో కప్పి ఒకే దృశ్యముగా కూర్చెను. ఆ దృశ్యము నయనానందకరమే. కాని ఏ క్షణమునను ఏ ఒక్క కన్నును దానిని అట్లు చూచియుండలేదు. లేఖకుని ప్రతిలో ప్రక్షిప్తములను వెదకునట్లే, చిత్రమునను చేతిపనిని వెదకవలయును.

ఇంత శ్రమించి కూర్చిన ఈ సంపుటమును కమిషను ప్రచురింపలేదు. పునరుద్ధరణములు సాగుచున్న కాలముననే ఇది విద్వల్లోకమునకు అందియుండినచో, ప్రతి మార్పును పూర్వస్థితితో పోల్చిచూచుట సాధ్యమై యుండెడిది. మూలమును దాచి పరిష్కృతప్రతిని మాత్రమే చూపుట వాఙ్మయమున దోషమైనచో, వాస్తువునను దోషమే యని మా అభిప్రాయము. కావున పరిశోధకులు పునరుద్ధృతమైన చర్చిని వర్ణించుటకు ముందు దాని తొలి చిత్రమును, అది తీసిన సంవత్సరమును, తీసిన విధానమును విచారించుట యుక్తము.