పండుగ గోధుమలు: కడప మండలమున పర్వదిన దానములు

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ఒక ధర్మము. పండుగ చేసికొనలేనివానికి పండుగ నిచ్చుట వేరొక ధర్మము. మన దానధర్మముల చరిత్రను వ్రాయువారు తరచుగా ఈ రెంటిని ఒక్కటిగనే పరిగణించుచున్నారు. సత్రములు, చలిపందిళ్లు, కరవునాటి గంజికేంద్రములు మొదటి కోవకు చెందినవి. 1876–78 నాటి ధాత కరవులో దత్తమండలముల ప్రజలకు దొరకిన గంజి ప్రాణము నిలుపుటకు ఉద్దేశింపబడినది. దానికి తిథివారములతో పనిలేదు. రెండవ కోవకు చెందిన దానమునకు నియతమైన కాలము, కొలత, పాత్రత గలవు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల ఆచారములను ఈ భేదము దృష్టియందుంచుకొని పరిశీలించినచో, పండుగపై ఎవరికి ఏ కారణమున హక్కు కలుగుచున్నది అను ప్రశ్న మన ముందునకు వచ్చును.

ఈ ధర్మమునకు శాస్త్రరూపము నిచ్చినవారిలో యూదులు ప్రాచీనులు. ద్వితీయోపదేశకాండము పండుగనాటి సంతోషమున కుమారులను, కుమార్తెలను మాత్రమే గాక దాసదాసీలను, లేవీయులను, పరదేశులను, తండ్రిలేనివారిని, విధవరాండ్రను గూడ చేర్చినది. క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా, పస్కారాత్రి ఎంతటి పేదయైనను ఒరగి కూర్చుండియే భుజింపవలెననియు, అతనికి నాలుగు పాత్రల ద్రాక్షారసమునకు తక్కువ గాకుండ ధర్మనిధినుండియైనను ఈయవలెననియు విధించినది. ఒరగి కూర్చుండుట ఆనాటి స్వతంత్రుల భోజనపద్ధతి. ఐగుప్తు దాస్యమునుండి విడుదలను స్మరించు రాత్రి పేదవాడు దాసునివలె తినరాదు. ద్రాక్షారసముతోపాటు ఆ రాత్రికి స్వతంత్రుని గౌరవమును గూడ ధర్మనిధి అతనికి సమకూర్చుచున్నదన్నమాట.

పులియని రొట్టెలకు వలయు గోధుమలను పేదలకు సమకూర్చుటకై పోగుచేయు ద్రవ్యమునకు హీబ్రూ భాషలో 'మాఓత్ హిట్టీమ్', అనగా గోధుమల సొమ్ము, అని పేరు. ఒక ఊర 12 నెలలు నివసించినవాడు ఈ గోధుమల విషయమున ఆ ఊరివాడే యని యెరూషలేము తల్ముదు నిర్ణయము. కలిగినవాడైనచో అతడు ఈయవలెను, లేనివాడైనచో పుచ్చుకొనవచ్చును. 16వ శతాబ్దిలో పోలండు దేశపు క్రాకో నగరమున నుండిన మోషే ఇస్సెర్లిస్ తన స్మృతివ్యాఖ్యలో పస్కా ప్రకరణము ఆరంభముననే ఈ ఆచారమును పేర్కొనెను. పూరీమునాటి విధి మరియు విశేషమైనది. ఆనాడు కనీసము ఇద్దరు పేదలకు దానమీయవలెను. దానముపై బ్రదుకువాడును ఈయవలెను. చేయిచాచినవాని అర్హతను విచారింపరాదు. 12వ శతాబ్దివాడైన మైమోనిడీస్, తలుపులు మూసికొని ఆలుబిడ్డలతో మాత్రమే విందారగించువాని సంతోషమును కడుపుసంతోషముగా ఎంచెను గాని ధర్మముగా ఎంచలేదు.

పస్కా, పూరీము అను పేర్లు లండను మిషను ప్రచారము జరిగిన జమ్మలమడుగు ప్రాంతమున క్రైస్తవులకు తెలుగు బైబిలు మూలమున పరిచితములే. కాని వానియందలి దానవిధికి ఆచారమున అత్యంత సన్నిహితమైనది ఈ మూడు పట్టణముల ముస్లిములు పాటించు ఫిత్రా. ఇది హిజరీ 2వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 624లో, విధింపబడినదని సంప్రదాయము. రంజాను ఉపవాసములు ముగియు వేళ, పండుగ నమాజునకు ముందుగా ఇది పేదలకు చేరవలెను. నమాజు ముగిసిన పిదప ఇచ్చినది సామాన్యదానమే యగునుగాని ఫిత్రా ఫలము నీయదందురు. కొలత తలకింత యని నియతము: ఖర్జూరములు గాని యవలు గాని యైనచో ఒక 'సా', హనఫీ శాఖీయుల మతమున గోధుమలైనచో అర సా. నేటి తూనికలో అర సా ఒకటిన్నర కిలోలకు పైగా రెండు కిలోల వరకు పలువిధములుగా లెక్కింపబడుచున్నది. పసిబిడ్డ పేరను గూడ తండ్రి ఈయవలెను. హనఫీలు కొంత ఆస్తి గలవానికే ఈ బాధ్యతను విధింపగా, షాఫియీలు ఆ దినపు తిండి పోను మిగులు గల ప్రతివాడును ఈయవలెననిరి. ఈ రెండవ మతము పూరీమునాటి నియమమునకు ఎంత దగ్గరగా నున్నదో పాఠకులు గమనింతురుగాక.

ఇచ్చట కడప మండలమునకు ప్రత్యేకమైన విశేషమొకటి గలదు. గోధుమ ఈ సీమ పేదల నిత్యాహారము కాదు. పెన్నకు ఇరుప్రక్కల నల్లరేగడి నేలలలో జొన్న, కొర్ర పండినవి. పులివెందుల మెట్టలలో వేరుసెనగ ప్రబలినది. సంగటియు జొన్నరొట్టెయు దినభోజనమై, వరియన్నమే పండుగ వంటకమైన కాలము పెద్దలకు ఇంకను జ్ఞాపకమున్నది. అందుచేత గోధుమ ఈ సీమ ఫిత్రాలో ధాన్యముగా గాక వెలను కట్టు కొలతగా నిలిచినది. ఇతర శాఖలవారు ధాన్యమునే ఈయవలెనని పట్టుబట్టగా హనఫీలు దాని వెలను ఈయుటకు సమ్మతించుట దీనికి అవకాశము కల్పించినది. గోధుమల వెలగా చేతికందిన రూకలు పేదయింట సేమ్యాగను, చక్కెరగను, బిడ్డల క్రొత్తగుడ్డలుగను మారును. యూదుల గోధుమల సొమ్ము రొట్టెగా మారవలసినదే. జమ్మలమడుగు పేదరాలి ఫిత్రా ఆమె ఇష్టము వచ్చిన పండుగగా మారును. దానశాస్త్రమున ఇది చిన్న మార్పు కాదని నా అభిప్రాయము.

హిందువులయందు పండుగ దానము వేరొక త్రోవను నడచినది. పులివెందుల రంగనాథస్వామికి ఒక గ్రామము దానముగా ఈయబడినట్లు 1509 నాటి శాసనము తెలుపుచున్నది. అది కృష్ణదేవరాయలు సింహాసనమెక్కిన సంవత్సరము. ఇట్టి గ్రామముల రాబడి స్వామి అంగరంగభోగములకును ఉత్సవములకును వినియోగపడుట విజయనగర కాలపు సామాన్యపద్ధతి. పండుగ మొదట దేవునిది. ప్రసాదరూపమున పిదప జనులది. కాని 1947లో మద్రాసు ఆలయప్రవేశ శాసనము వచ్చువరకు గుడిగడప దాటరాని జనులకు ఆ భాగము వాకిటితోనే ఆగినది. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరా వైభవముగా జరుగుటయు, ఆ పట్టణపు ఆర్యవైశ్యుల దాతృత్వమును అందరెరిగినవే. అది ఊరంతయు చూచు బహిరంగోత్సవము. ఇంటిలోపలి పండుగ సంగతి వేరు.

ఆ సంగతి ఆయగాండ్ర వ్యవస్థలో కనబడును. చాకలి, మంగలి, మాదిగ మొదలగువారికి కళ్లమునొద్ద మేరయు, పండుగనాడు ఆసామి యింటినుండి అన్నము, ఓళిగలును ముట్టెడివి. ఇది భిక్షము కాదు, హక్కే. అయినను ఆ హక్కు చేసిన పనినిబట్టి వచ్చినది. అడుగుటకు పనివాడు పెరటివాకిట నిలువవలసివచ్చినది. ఏ పనియు చేయలేని ముదుసలికి, ఊరికి క్రొత్తగా వచ్చిన కూలివానికి అందు పాలు లేదు. తల్ముదు 12 నెలల నివాసమును, ఫిత్రా ఉన్న లేమిని మాత్రమే అడిగినవి. మన గ్రామము సేవ నడిగినది. గ్రామవ్యవస్థను ఉదారదృష్టితో వర్ణించు గ్రంథములు ఈ తేడాను దాటవేయుట న్యాయము కాదు.

తెలుగువారిలోనే యూదమతమును పాటించు వర్గమొకటి గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతపు కొత్తరెడ్డిపాలెమున గలదు. బెనే ఎఫ్రాయిం అని తమను పిలుచుకొను వీరు మాదిగ కుటుంబములవారు, అధికులు వ్యవసాయకూలీలు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీరినిగూర్చి రచించిన ఆంగ్లగ్రంథము 2013లో వెలువడినది. మేరకును పెరటివాకిలికిని అలవాటుపడిన కులమునుండి వచ్చినవారు, స్వతంత్రునివలె భుజింపుమని చెప్పు పస్కాను తమ పండుగగా ఎంచుకొనుట గమనింపదగినది. అయితే ఒకే ఊర ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఉందురన్న తల్ముదు ఊహ ఇక్కడ పొసగదు. ఊరిలోని యూదులందరును దాదాపు పేదలే. కులాను అను అమెరికా సంస్థ మొదలైనవాని తోడ్పాటు వీరికి సముద్రముల ఆవలినుండి వచ్చినది. ఊరి యెల్ల యెచ్చట ముగియునో నిర్ణయింపవలసిన పని ధర్మశాస్త్రజ్ఞులపై పడినది.

2015 సంక్రాంతికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెల్లకార్డుగల కుటుంబములకు చౌకదుకాణముల ద్వారా పండుగ కానుక నీయ నారంభించెను. కందిపప్పు, సెనగలు, బెల్లము, నూనె, నేయి, వీనితోపాటు ఒక కిలో గోధుమపిండియు ఆ సంచిలో నుండెను. రంజానునకును, క్రిస్మసునకును గూడ ఇట్టివి ఈయబడినవి. 12 నెలల నివాసమునకు బదులు కార్డు పాత్రతను నిర్ణయించినది. వస్తువులను మాత్రము ఇచ్చువారే ఎంచిరి. 2019లో ప్రభుత్వము మారిన పిదప ఆ కానుకలు నిలిచినవి. ఫిత్రా గోధుమల వెల మాత్రము ఏటేట రంజానునందు ప్రకటింపబడుచునే యున్నది.