నమూనా గూడ్సు వ్యాగనులు

పట్టాలపై వాస్తవముగా నడచిన సరకుపెట్టెలను, నియతమైన నిష్పత్తిలో తగ్గించి, రివెట్ల వరుస, తలుపు గొళ్లెము, బ్రేకు కడ్డీ మొదలగు అంగములన్నియు మూలమున కనుగుణముగా నుండునట్లు నిర్మించిన ప్రతిరూపములే నమూనా వ్యాగనులు. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో చెక్కు బొమ్మలయందు భావము ప్రధానము, కొలత గౌణము. ఇచట కొలతయే ప్రాణము.

బహుళప్రచారము నందిన హెచ్‌.ఓ. నిష్పత్తి 1:87. దాని పట్టాల నడిమి వెడల్పు 16.5 మి.మీ.; 87 చే గుణించినచో ఐరోపా, అమెరికాల ప్రామాణిక గేజియగు 1,435 మి.మీ. ఇంచుమించుగా వచ్చును. భారతదేశపు బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. గనుక, మన పట్టాల వెడల్పు అదే నిష్పత్తిలో రమారమి 19.3 మి.మీ. కావలయును. విపణిలో దొరకు పట్టాలపై మన వ్యాగనును నిలిపినచో, చక్రములు పెట్టెక్రిందికి ముడుచుకొన్నట్లు కానవచ్చి, ఎదుటినుండి చూచువారికి దాని ఠీవి యంతయు నశించును. శ్రమ యధికమైనను స్వహస్తముతో పట్టాలు పరచుకొనుటయే యుక్తము.

1889లో నిజాము రైలుమార్గము బెజవాడకు (నేటి విజయవాడకు) చేరినది మొదలు, వన్ టౌన్ వర్తకవీథుల ప్రక్కనే యున్న యీ రైలుకూడలిమీదుగా డెల్టా బియ్యమును సింగరేణి బొగ్గును తరలుచు వచ్చినవి. కావున ఈ ప్రాంతమును రూపింపగోరువారికి ధాన్యపు బస్తాల నాలుగు చక్రముల మూతపెట్టెయు, బొగ్గు మోయు ఎనిమిది చక్రముల బాక్స్‌ఎన్ వ్యాగనును ముఖ్యములు. రెండవదాని నిజమైన పొడవు 10,713 మి.మీ.; నమూనాలో 123 మి.మీ. మాత్రమే.

కొలతకు తోడు కాలౌచిత్యమును పాటింపవలెను. మరచుట్టు కొక్కెములు, ప్రక్క బఫర్లు, వాక్యూమ్ బ్రేకులు గల పాత పెట్టెను, నడిమి కప్లరును ఎయిర్ బ్రేకులును గల బాక్స్‌ఎన్‌తో జతపరచి నడపుట చారిత్రకముగా దోషమే. పెట్టెపై వ్రాయు అంకెలును అట్టివే: నేటి వ్యాగను సంఖ్యలో 11 అంకెలుండగా, మొదటి రెండు రకమును, తరువాతి రెండు స్వంతదారు రైల్వేను, అటుపై రెండు నిర్మాణవత్సరమును, చివరిది సరిచూచు అంకెను తెలుపును. రాయనపాడు చెంతనున్న గుంటుపల్లి వ్యాగను వర్క్‌షాపు వంటి చోట్ల మరమ్మతుపొందిన పెట్టెపై ఆ తేదీయు ముద్రింపబడును. శ్రద్ధగల శిల్పి దానినిసైతము విడువడు. బొగ్గుమసి, త్రుప్పు, వానచారలు తుదిని అద్దవలసినవి.

నాలుగు చక్రముల మూతపెట్టెలు సరకురవాణానుండి తొలగిపోయినవి. ఏ సైడింగునందైన నొకటి కనబడినచో, అధికారుల యనుమతితో దాని కొలతలు గైకొని, అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీసి, భద్రపరుపుడు.