మైక్రైట్
‘సూక్ష్మస్ఫటిక కాల్సైట్’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు పదబంధాన్ని కుదించి అమెరికా భూశాస్త్రవేత్త రాబర్ట్ ఫోక్ 1959లో ఈ మాట పుట్టించాడు. పేరు కొత్తదైనా పదార్థం పల్నాటికి పాతదే: పిడుగురాళ్ల సున్నపుబట్టీలకూ మాచర్ల సిమెంటుకూ ముడిసరుకైన నార్జీ సున్నపురాయిలో (కడప జిల్లా గ్రామం పేరే దానికి వచ్చింది) అధికభాగం ఇదే. రాతిముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, 4 మైక్రాన్లకు మించని రేణువులు విడివిడిగా కనబడక మసక గోధుమరంగు బురదలా తోస్తాయి. అందులో సన్నని పొరలు, ఎండిన బీటలు, పిట్టకన్నంత రంధ్రాల్లో నిండిన తేట కాల్సైట్ కలిసి కనబడితే, ఆ బురద పోటుకు మునిగి పాటుకు తేలే మైదానంలో పేరుకున్నదని ఎంచవచ్చు. మైక్రైట్ ఒక్కటే అందుకు సాక్ష్యం కాదు. అలల్లేని లోతునీటిలోనూ అది పేరుకుంటుంది.